నాలుగో మనిషి

ముగ్గురు కలిసి ప్రయాణం కట్టకూడదని నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముగ్గురు పోతే పని చెడుతుంది. ఒక్కొక్కప్పుడు మనిషే చెడతాడు. తప్పనిసరై ముగ్గురే వెళ్ళవలసి వస్తే దానికి విరుగుడు కూడా వాళ్ళకు తెలుసు. గుమ్మం దాటేముందు ఒక రాయిని వెంట తీసుకుంటారు. ఆ రాయి నాలుగో మనిషి. తుని సంతకు ఎద్దుల కోసం పోయినా, అనకాపల్లి కోర్టుకు వాయిదాకు పోయినా అంతే. చేరవలసిన చోటు చేరాక దాన్ని ఏ చెట్టు మొదట్లోనో దించేసి, చేతులు దులుపుకుని మరిచిపోతారు.

యాజులు జూనియర్ కాలేజీలో తర్కం చెప్పేవాడు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని చెప్పే పాఠంలో ఈ రాయి ఆచారాన్ని ఏటా ఉదాహరణగా వాడేవాడు. పిల్లలు నవ్వేవారు. తనూ నవ్వేవాడు. అలాంటి మనిషి ఎనభై ఒకటిలో, దసరా సెలవులకు ముందు, స్నేహితుడి తల్లి జోగులమ్మ వాకిట్లో నిలబడి, ఆమె రెండు చేతులతో అందించిన రాయిని రెండు చేతులతో అందుకున్నాడు.

అసలు వాళ్ళు నలుగురు కావలసినవాళ్ళు. ఈ ప్రయాణం మన్మథరావుది. అతను కొయ్యూరు ఘాటీలో రోడ్డు పనులు చూసే ఓవర్సీరు. రోడ్డంటే అతనికి ఒక రకమైన భక్తి. కొండను చూస్తే దాని మీద రోడ్డు ఎటు తిరగాలో గాలిలో వేలితో గీసేవాడు. శ్రీనగరం దాటి, జోజిలా కనుమ ఎక్కి, లడాఖు దాకా పోయే రోడ్డును ఒక్కసారి బండి మీద చూడకపోతే తన ఉద్యోగానికి అర్థం లేదనేవాడు. మూడేళ్ళుగా అతని గది గోడ మీద పటం ఉంది. ఆ పటం కింద కూర్చుని అతనూ, తమ్ముడు తాతబ్బాయీ, మందుల షాపు రామనాథమూ, యాజులూ ఎన్నో ఆదివారాలు ఆ రోడ్డు ఎక్కి దిగారు. ఆ జూలైలో మన్మథరావు కొయ్యూరు నుంచి జ్వరంతో దిగాడు. మెదడుకు ఎక్కిన మలేరియా అన్నారు. ఆ మాట అనేసరికే మనిషి దక్కలేదు.

ప్రయాణం మాట మళ్ళీ ఎత్తింది తాతబ్బాయే. ఇరవై దాటిన కుర్రవాడు; చెరుకు తోట, జీడిమామిడి తోపు, ఎద్దులు తప్ప వేరే లోకం ఎరగనివాడు. అన్న పోయాక అన్న బుల్లెట్టు మీద తప్ప ఎక్కడికీ కదలడం మానేశాడు. ఒకరోజు కాలేజీ గేటు దగ్గర బండి ఆపి, అమ్మ వెళ్ళి రమ్మందని చెప్పాడు.

యాజులు నమ్మలేదు. ఏడాది తిరగని ఇల్లు అది. పండగే లేని ఇంటి నుంచి దేశాటనం ఏమిటని వీధిలో పెద్దలు అప్పటికే అంటున్నారు. అతను స్వయంగా వెళ్ళి జోగులమ్మను అడిగాడు. ఆమె చాటలో పెసలు చెరుగుతూ, తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"ఎల్లొద్దంటే ఈడు ఆగడు బాబూ. ఏదో ఓరోజు ఆ బండెక్కి సెప్పకండా ఎల్లిపోతాడు. ఎల్లాల్సిన కాడికి ఎల్లొస్తే, ఇంటికాడ నిలబడతాడు. నాను ఇద్దర్నే కన్నాను. ఒకడు ఎల్లిపోయేడు. ఈడ్ని నీ సేతిలో ఎడతన్నాను. నువ్వు తేవాల."

తెస్తానని యాజులు మాట ఇచ్చాడు. ఆ మాట ఇస్తున్నప్పుడు అది చాలా తేలికగా ఉంది.

బయలుదేరే ఉదయం ఆమె ఇచ్చిన రాయి తాండవ ఏటిలోది. నల్లగా, నున్నగా, పిడికిలి కంటే కాస్త పెద్దగా, దోసకాయంత ఉంది. ఏటికి పోయి తనే ఏరి తెచ్చానంది. చివరంటా వెళ్ళాక అక్కడ దించేయండి, ఇంటికి వచ్చే దారికి దోషం లేదు అని చెప్పింది. రామనాథం దాన్ని పనిముట్ల సంచిలో పెడుతూ, ఇంతవరకూ మందుల బరువే మోశాను, ఇప్పుడు మనిషి బరువు కూడానా అన్నాడు. ఎవరూ నవ్వలేదు, అతను కూడా నవ్వించాలని అనలేదు.

తునిలో బళ్ళకు గోనెసంచులు చుట్టి రైలెక్కించారు. ఢిల్లీలో దింపి, అక్కడి నుంచి తోలుకుంటూ పోయారు. ముందు తాతబ్బాయి బుల్లెట్టు, మధ్యన రామనాథం ఎజ్డీ, చివర యాజులు రాజ్‌దూత్. రోజంతా ఎండా దుమ్మూ తిని, సాయంత్రం ఏదో ఒక సత్రంలో నడుం వాల్చేవారు. పొలాలు మారాయి, తలపాగాలు మారాయి, నీళ్ళ రుచి మారింది. ఆ రోజుల్లో రాయి రాయిగానే ఉంది. దాని సంగతి ఎవరికీ గుర్తులేదు.

జమ్మూ దాటిన తర్వాత, కొండ మొదలైన చోట, ఒక టీ బడ్డీ దగ్గర రామనాథం దానికి పేరు పెట్టాడు. పేరు పెట్టాలని పెట్టలేదు. వేళ్ళతో చూపించి నాలుగు టీలు చెప్పాడు. నాలుగోది ఎవరికని యాజులు అడిగాడు.

"మన్మథరావుకిరా. సంచిలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసుంటుంది పాపం. ఒరే తాతబ్బాయ్, మీ అన్నకి పంచదార తక్కువని చెప్పు వీడికి."

తాతబ్బాయి అతని వైపు చాలాసేపు చూశాడు. మూడు నెలల్లో ఆ పేరు అతని ఎదుట అంత మామూలుగా పలికినవాళ్ళు లేరు. ఇంట్లో అందరూ ఆ పేరు చుట్టూ తిరిగి మాట్లాడేవారు. అతను లేచి, ఎజ్డీ సంచిలోంచి రాయి తీసి, తుడిచి, బుల్లెట్టు సీటు మీద లోయ కనిపించేటట్టు పెట్టాడు. నాలుగో టీ కూడా తనే తాగాడు. తాగి, పంచదార ఎక్కువైందన్నాడు. అప్పుడు ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక కూడా చాలాసేపు తేలికగా ఉంది.

ఆ తేలికతనం కోసమే తర్వాత ప్రతి మజిలీలోనూ అలాగే చేశారు. బండి ఆగగానే తాతబ్బాయి రాయి తీసి సీటు మీద పెట్టేవాడు. బయలుదేరేముందు వేలు చూపిస్తూ లెక్కపెట్టేవాడు: మాస్టారు, రామనాథం గారు, నాను, అన్న. దారిలో రోడ్డు బాగుంటే అన్న మెచ్చుకునేవాడు, గుంటలుంటే అన్న తిట్టేవాడు. ఆ తిట్లు తాతబ్బాయి నోట వచ్చేవి కాని, గొంతులో ఏదో ఒక విరుపు మన్మథరావుదే. యాజులు ఇది మంచిదా చెడ్డదా అని కొంత ఆలోచించాడు. వస్తువుకు పేరు పెట్టడం వల్ల వస్తువు మారదు. అది తెలిసిన విషయమే. అయితే పేరు పెట్టినవాడు మారడని ఏ శాస్త్రమూ చెప్పలేదు. అతను ఆలోచన అక్కడ ఆపేశాడు. ఎందుకంటే అతనికీ మన్మథరావు కావాలి.

చివర నడిచే బండి అతనిది కాబట్టి, ముందుగా విన్నదీ అతనే. బనిహాల్ సొరంగంలో మూడు ఇంజన్ల చప్పుడు గోడలకు తగిలి కలిసి మోగుతూ ఉండగా, దాని వెనక, తన వెనక, ఇంకొక ఇంజను చప్పుడు వేరుగా వినిపించింది. నిదానంగా, బరువుగా కొట్టుకునే బుల్లెట్టు చప్పుడు. బుల్లెట్టు ముందు ఉంది. ప్రతిధ్వని అనుకున్నాడు. సొరంగం దాటాక ఆకాశం కింద కూడా అది ఆగలేదు. తను నెమ్మదిస్తే అది నెమ్మదించేది. తను ఆగితే ఆగేది. వెనక్కి తిరిగి చూస్తే తెల్లటి రోడ్డు, దేవదారు చెట్లు. కొండలు చప్పుడును దాచుకుని ఆలస్యంగా తిరిగి ఇస్తాయని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ వివరణ సరైనదే కావచ్చు. కాని అతనికి భయం వేయలేదు. వెనక ఎవరో తెలిసినవాడు వస్తున్నాడన్న నిబ్బరం కలిగింది. అతనికి అసలు ఆశ్చర్యం కలిగించింది అదే.

సోన్‌మార్గ్ చేరేసరికి గాలి పలచబడింది. జోజిలా మీద రోడ్డుకు ఒకసారి ఒకవైపే వదులుతారు. మిలటరీ లారీల వరస కదిలితే దాని వెనక మిగతా బళ్ళు. గేటు దగ్గర జవాను వీళ్ళ బళ్ళను, వీళ్ళ పలచటి స్వెట్టర్లను చూసి, ఈ ఏడాదికి ఇవే చివరి రోజులని, మంచు పడితే రోడ్డు వసంతం దాకా తెరవరని హెచ్చరించాడు. ఎక్కండి కాని కనుమ మీద ఆగవద్దు, దిగి ద్రాస్ చేరేదాకా వెనక్కి చూడవద్దు అన్నాడు. ఆ హిందీని రామనాథం తెలుగు చేసి చెప్పాడు. తాతబ్బాయి తల ఊపి, రాయిని సంచిలో పెట్టాడు.

అది రోడ్డు కాదు. కొండకు గీసిన గాటు. ఒకవైపు తడిసిన మట్టిగోడ, రెండోవైపు ఏమీ లేదు. లారీ చక్రాలు తొక్కిన గాడిలో బురద, బురద అడుగున మంచుగడ్డ. ఎత్తు పెరిగేకొద్దీ ఇంజన్లకు ఊపిరి చాలలేదు. సగం ఎక్కాక ఒక మలుపులో రాజ్‌దూత్ దగ్గి ఆగిపోయింది. వెనక లారీ హారను కొట్టింది. బండి బ్రేకు పట్టినా బురదలో వెనక్కి జారుతోంది. యాజులు రెండు కాళ్ళూ తన్ని పెట్టి అరిచాడు. రామనాథం బండి గోడకు చేరవేసి, పనిముట్ల సంచితో పరుగెత్తి వచ్చాడు. ప్లగ్గు తీయడానికి సంచిలో చెయ్యి పెట్టి ఉన్నాడు; చేతికి ముందు తగిలినది తీసి వెనక చక్రం కింద అడ్డు పెట్టాడు. కొయ్యూరు ఘాటీలో లారీ క్లీనర్లు చేసే పనే అది. ఘాటీ ఎరిగినవాడికి ముందు అడ్డు, తర్వాతే మిగతా ఆలోచన.

ప్లగ్గు తుడిచారు. బండి అందుకుంది. వెనక లారీ ఇంకా హారను కొడుతూనే ఉంది. యాజులు గేరు వేసి లాగించాడు. చక్రం దేనిమీదో ఎక్కి దిగినట్టయింది. అతను చూడలేదు.

ఆ తర్వాత వెనక ఇంజను చప్పుడు వినిపించలేదు. అదీ అతనికి వెంటనే తెలియలేదు. కనుమ మీద మంచు మొదలైంది. కళ్ళు తెరిచి ఉంచడమే పనయింది.

అవతలి వైపు గుమ్రీలో, మిలటరీ రేకుల గుడిసెల దగ్గర లారీలు ఆగాయి. ముగ్గురూ దిగి చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతూ నిలబడ్డారు. బతికి బయటపడ్డామని రామనాథం అన్నాడు. తాతబ్బాయి అలవాటు ప్రకారం ఎజ్డీ సంచి విప్పాడు. స్పానర్లు తీశాడు, గుడ్డలు తీశాడు, సంచి తిరగేసి దులిపాడు. తర్వాత మనుషుల వైపు తిరిగి వేలు చూపించడం మొదలుపెట్టి, మూడు దగ్గర ఆగిపోయాడు.

రామనాథం ముఖం పాలిపోయింది. చక్రం కింద అడ్డు పెట్టింది ఆ రాయినే అని నిజం చెప్పేశాడు. అబద్ధం చెప్పాలన్న ఆలోచన అప్పటికి అతనికి రాలేదు. తాతబ్బాయి బుల్లెట్టు తిప్పాడు. జవాను ఈల వేశాడు, అడ్డం వచ్చాడు. బండి అతని పక్కనుంచి జారి, దిగివచ్చిన కొండ మీదికే, మంచులోకి వెళ్ళిపోయింది.

నది దాటి అవతలి ఒడ్డున లెక్క చూసుకున్నవాళ్ళు ఒకడు తగ్గాడని ఏడ్చిన కథ యాజులు తరగతిలో చెబుతూ ఉండేవాడు. లెక్కపెట్టేవాడు తనను మరిచిపోవడం అందులో పొరపాటు. ఇక్కడ ఎవరూ తనను మరవలేదు. పొరపాటు ఎక్కడుందో చూపించడానికి అతని దగ్గర సూత్రం లేదు. రామనాథాన్ని అక్కడే ఉండమని, చీకటి పడేలోగా రాకపోతే జవాన్లను పంపమని చెప్పి, రాజ్‌దూత్ తన్నాడు.

ముందు బుల్లెట్టు కనిపించింది. రోడ్డు పక్క పడి ఉంది. దీపం ఇంకా వెలుగుతోంది. ఆ మలుపు దాటాక తాతబ్బాయి కనిపించాడు. మోకాళ్ళ మీద కూర్చుని, వట్టి చేతులతో మంచు తోడుతున్నాడు. ఒక రాయి తీస్తాడు, ముఖం దగ్గర పెట్టుకుని చూస్తాడు, పక్కన పెడతాడు. విసిరేయడం లేదు, జాగ్రత్తగా పెడుతున్నాడు. అతని వెనక అలా పేర్చిన రాళ్ళు వరసగా ఉన్నాయి. వేళ్ళు నీలమెక్కాయి.

అది ఆ మలుపు కాదని యాజులు చెప్పాడు. రాజ్‌దూత్ ఆగిన మలుపు కనుమ అవతల, ఇంకా చాలా కిందని, ఈ మంచులో అక్కడికి చేరేసరికి మనిషి మిగలడని చెప్పాడు. అది రాయని చెప్పాడు. తాతబ్బాయి వింటున్నట్టే తల ఊపుతూ తోడుతున్నాడు.

"లే తాతబ్బాయ్. అమ్మ కూడా దాన్ని వదిలేసి రమ్మనే కదా చెప్పింది."

కుర్రవాడు మొదటిసారి చెయ్యి ఆపాడు.

"ఒదిలెయ్యడం ఏరు, మాస్టారూ. మరిసిపోడం ఏరు. సివరంటా తీసుకెళ్ళి, కూకోబెట్టి, ఎల్లొస్తావన్నా అని సెప్పి ఒస్తే అది ఒదలడం. ఈ బురదలో సక్రం కిందెట్టి తొక్కించి ఎల్లిపోయేం మనం. ఆడు ఎనక నుంచి పిలిసేడో లేదో కూడా తెల్దు. నువ్వెల్లు. బేగెల్లు. నాను ఆడ్ని తెచ్చుకుని ఒస్తాను."

ఆ మాట తప్పని యాజులుకు అనిపించలేదు. వెలుతురు తగ్గుతోంది. కుర్రవాడి పెదవులు తెల్లబడుతున్నాయి. బలవంతంగా లాక్కుపోదామంటే అతను ఎద్దులను వంచే మనిషి. తను చాక్‌పీసు పట్టే మనిషి. జోగులమ్మ చాటలో పెసలు చెరుగుతూ అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి.

అతను పది అడుగులు కిందికి నడిచాడు. మంచు తెర వెనక కుర్రవాడు నీడలా కనిపిస్తున్నాడు. యాజులు వంగి, గోడవైపున మంచులో చెయ్యి పెట్టాడు. దొరికిన రాయిని చూడకుండానే తీశాడు. చూస్తే ఆ పని చేయలేనని అతనికి తెలుసు. మెడకు చుట్టుకున్న మఫ్లరు విప్పి దాన్ని చుట్టి, ముడి వేశాడు. అప్పుడు పిలిచాడు. ఏ పేరుతో పిలిస్తే కుర్రవాడు నమ్ముతాడో ఆ పేరుతోనే పిలిచాడు.

"మన్మథరావు ఇక్కడున్నాడు, తాతబ్బాయ్. దొరికాడు."

ఆ మాట కొండకు తగిలి తిరిగి వచ్చింది. తాతబ్బాయి పరుగెత్తుకుంటూ వచ్చి మూట అందుకున్నాడు. విప్పలేదు. వేళ్ళు విప్పే స్థితిలో లేవు. స్వెట్టరు కింద, గుండెకు ఆనించి పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా యాజులు భుజం మీద తల వాల్చాడు. ఇద్దరూ కలిసి బుల్లెట్టు లేవనెత్తారు.

దిగుతున్నప్పుడే యాజులుకు తెలిసింది. మూట ముందు వెళుతున్న తాతబ్బాయి దగ్గర ఉంది. బరువు మాత్రం తన బండి వెనక సీటు మీద ఉంది. గుంట వచ్చినప్పుడల్లా వెనక స్ప్రింగులు ఇద్దరు మనుషులు కూర్చున్నట్టు లోతుగా కుంగి, నెమ్మదిగా లేస్తున్నాయి. మలుపుల్లో ఆ బరువు బండితో పాటు వాలడం లేదు. బండి ఎక్కడం అలవాటు లేనివాడిలా బిగుసుకుని కూర్చుంది. వెనక ఆ ఇంజను చప్పుడు లేదు. నిబ్బరం లేదు. వెనక ఉన్నవాడు తనకు తెలిసినవాడు కాడు. ఈ కొండకు రోడ్డు తవ్వుతూ ఎందరో పోయి ఉంటారని మన్మథరావు పటం ముందు కూర్చుని ఒకసారి అన్నాడు. యాజులు వెనక్కి తిరిగి చూడలేదు. జవాను చెప్పినందుకు కాదు.

ద్రాస్‌లో కుర్రవాడి వేళ్ళకు మిలటరీ డాక్టరు కట్టు కట్టాడు. వేళ్ళు దక్కాయి. లారీల వెనకే లడాఖులోని లేహ్ దాకా పోయారు. మట్టి రంగు కొండలు, వాటి మీద పగిలిపోతుందేమో అనిపించే నీలపు ఆకాశం. మన్మథరావు చూడాలనుకున్నదంతా చూశారు. అక్కడ ఏటి ఒడ్డున రామనాథం మెల్లగా, ఇక దించేద్దామా అని అడిగాడు. తాతబ్బాయి మూట మీద చెయ్యి వేసుకున్నాడు. ఒకసారి పోగొట్టుకుని తెచ్చుకున్నవాడిని మళ్ళీ వదిలేది లేదన్నాడు. రామనాథం యాజులు వైపు చూశాడు. మూటలో ఏముందో అతనికి అనుమానం ఉంది. అడగలేదు. ఆ ప్రయాణంలో అతను మళ్ళీ నాలుగో టీ చెప్పలేదు, తాతబ్బాయే చెప్పేవాడు.

మంచు కనుమను మూసేలోగా లారీల వెనకే తిరిగి దాటారు. తిరుగు దారంతా యాజులు సరిగా నిద్రపోలేదు. దారి పొడుగునా రాజ్‌దూత్ వెనక టైరులో గాలి తగ్గుతూ వచ్చింది. మైదానాల్లోకి దిగాక ఎండ మండుతున్నా అతని వీపు మాత్రం చల్లగానే ఉండేది. ఢిల్లీలో బండిని రైలెక్కించి తన పెట్టెలో కూర్చున్నప్పుడు పక్క సీటు ఖాళీగా ఉంది. రద్దీ బండిలో, ఎవరూ అందులో కూర్చోలేదు. తునిలో దిగి, తాండవ వంతెన దాటకుండానే నర్సీపట్నం దారి పట్టారు. మామిడి తోటలు, చెరుకు బళ్ళు, సొంత భాషలో తిట్లు. అందరికీ ప్రాణం లేచి వచ్చింది. అతనికి మాత్రం తన వెనక ఉన్నవాడు ఈ పచ్చదనాన్నీ ఈ ఉక్కనూ చూసి బెదురుతున్నట్టు అనిపించింది.

జోగులమ్మ కొడుకును వాకిట్లోనే పట్టుకుని, ముఖం తడిమింది, వేళ్ళు తడిమింది. తాతబ్బాయి మూటను ఆమె చేతిలో పెట్టి, అన్నను తెచ్చానని చెప్పి, నూతి దగ్గరికి స్నానానికి వెళ్ళాడు. రామనాథం ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. వాకిట్లో ఆమే, యాజులూ మిగిలారు. ఆమె అరుగు మీద కూర్చుని ముడి విప్పింది.

తెల్లటి బూడిద రంగు రాయి. ఒకవైపు గుండ్రం, రెండోవైపు విరిగిన అంచు. మధ్యలో సన్నటి నల్లగీత. యాజులు కూడా దాన్ని అప్పుడే మొదటిసారి చూశాడు.

ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. కోపం రాలేదు. ఏమైందని అడిగింది. అతను ఉన్నది ఉన్నట్టు, తక్కువ మాటల్లో చెప్పాడు. నూతి దగ్గర బకెట్టు చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఆమె రాతి అంచును వేలితో తడుముతూ ఉంది.

"నా బిడ్డని తెచ్చేవు. మాట నిలబెట్టుకున్నావు. నా సేతుల్తో నీకు దండం," అంది చివరకు. "పెద్దోడు అక్కడే ఉండిపోయేడన్నమాట. ఆడికి ఇష్టమైన రోడ్డు. పోన్లే. మరి ఈయనెవురు?"

"రాయి, అమ్మా."

"అదీ రాయేగదా బాబూ. దాన్ని మడిసన్నాం. ఏరే మడిసిని పట్టుకుని మావోడి పేరెట్టి పిలిసేవు. పలికేడు. నువ్వు పిలిస్తే నమ్మి ఇంత దూరం ఒచ్చేడు. అక్కడ ఎవురింటికాడ ఈయన కోసం సూస్తన్నారో."

యాజులు అరుగు అంచు పట్టుకున్నాడు. పొరపాటు ఆమె మాటలో లేదు. తను పిలిచిన పిలుపులో ఉంది.

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి, ఊరికి కొత్తగా వచ్చిన చుట్టానికి కాళ్ళకిచ్చినట్టు, రాతి మీద పోసింది. నీళ్ళు విరిగిన అంచు మీదుగా జారి మట్టిలో ఇంకాయి. వచ్చినవాడిని వాకిట నిలబెట్టకూడదని, కొంగుతో తుడిచి లోపలికి తీసుకుపోయింది. పటం ఉన్న గోడ కింద కాకుండా, వంటింటి గుమ్మం పక్క, గాలి తగిలే చోట చాప వేసి పెట్టింది. మన్మథరావు చోటు మాత్రం అతనికే ఉంచింది.

తాతబ్బాయి తల తుడుచుకుంటూ వచ్చి, అన్నేడమ్మా అని అడిగాడు. ఆమె యాజులు వైపు చూసింది. ఆ చూపులో అడగడం లేదు. ఎత్తుకున్న బరువులో ఒక పక్క తను పట్టుకుంటున్నానని చెప్పడం ఉంది.

"లోన కూకున్నాడు. అలిసిపోయేడు. పలకరించకు," అంది.

కుర్రవాడు ఆ మాటకు తేరుకున్నట్టు నవ్వి, ఎద్దులను చూడడానికి దొడ్లోకి వెళ్ళాడు. ఎద్దులతో మాట్లాడుతున్న అతని గొంతు ఇంట్లోకి వినిపించింది. అది అతని గొంతే. మూడు నెలల తర్వాత, అన్న విరుపు లేకుండా, అతని గొంతే. జోగులమ్మ కళ్ళు మూసుకుని కాసేపు అది విన్నది. తర్వాత యాజులుకు మాత్రమే వినిపించేటట్టు మాట్లాడింది.

"రోడ్డు తెరిసేక, ఎండాకాలం సెలవుల్లో, ఈయన్ని తీసుకెళ్ళి ఎక్కడ తీసేవో అక్కడ దింపేసి రా బాబూ. తాతబ్బాయికి తెలీకండా. రామనాథం బాబుని కూడా పిలవకు, ముగ్గురవుతారు. నువ్వూ ఆయనా ఎల్లండి."

అతను సరేనన్నాడు. మొదటిసారి మాట ఇచ్చినప్పటిలా తేలికగా లేదు.

ఆమె తనకూ కలిపి నాలుగు విస్తళ్ళు వేసింది. తాతబ్బాయి చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని, ఆకలి మీద ఉన్నవాడిలా గబగబా తినసాగాడు. నాలుగో విస్తరి యాజులు పక్కన ఉంది. అందులో అన్నం వేడిగా పొగలు కక్కుతోంది. అతను చాలాసేపు ముద్ద ఎత్తలేదు. దారిలో ఆయనను ఏ పేరుతో పిలవాలో ఆమె చెప్పలేదు. పేరు తెలియని మనిషి పక్కన తను ముందుగా తినడం మర్యాద కాదేమోనని అతను ఇంకా ఆగాడు.